రీలు చివర మిగిలిన ఫ్రేములు

డిజిటల్ కెమెరాలు ఇంకా మా దిక్కు రాని రోజుల్లో నేను నాచారంలో ఒక కలర్ ల్యాబులో పనిచేసేదాన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ మధ్యలోనే ఆపేశాను. బోడుప్పల్‌లో అమ్మా నేనూ ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మ చర్చి పక్కన బడిలో ఆయా. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు.

ల్యాబులో నా పని పాస్‌పోర్టు ఫోటోలు తీయడం, ప్రింట్లు కత్తిరించి కవర్లలో పెట్టడం, జనం తెచ్చిచ్చిన రీళ్ల మీద పేర్లు రాయడం. ఏడాది తిరిగేసరికి ఓనరు నన్ను చిన్న చిన్న ఫంక్షన్లకు కూడా పంపడం మొదలుపెట్టాడు. పుట్టినరోజులు, చెవులు కుట్టడాలు, చర్చిలో బాప్తిస్మాలు. రీలుకు ముప్ఫై ఆరు ఫ్రేములు. ఫంక్షన్ అయిపోయేసరికి చాలాసార్లు మూడో నాలుగో మిగిలేవి. ఒకరోజు అవి చూపించి ఏం చేయమంటారని అడిగితే ఓనరు అన్నాడు, "మిగిలినయి నువ్వు కొట్టుకో. చెయ్యి సాఫైతది. ప్రింట్లు మాత్రం అడగకు."

అట్లా నాకు కెమెరా చేతికొచ్చింది. సాయంత్రం ఫంక్షన్ అయ్యాక కెమెరా నాతోనే ఇంటికి వచ్చేది. పొద్దున బస్సులో మళ్లీ ల్యాబుకు పోయేటప్పుడు ఆ మిగిలిన ఫ్రేములు కొట్టేదాన్ని. బోడుప్పల్ నుంచి ఉప్పల్, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు మారి హబ్సిగూడ, అక్కడ కుడికి తిరిగి నాచారం. గంట, గంటంబావు ప్రయాణం. అప్పటిదాకా ఆ గంటసేపూ కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. కెమెరా వచ్చాక ఒక్క క్షణం కూడా కన్ను మూయలేదు.

మూడే ఫ్రేములు ఉంటాయి కాబట్టి తొందరపడే వీలు లేదు. రింగు రోడ్డు దగ్గర కూలీల అడ్డాలో లారీ వచ్చి ఆగితే అందరూ ఉరికేవాళ్లు. ఎక్కినవాళ్లు ఎక్కగా వెనక మిగిలిపోయిన ఒక్క ముసలాయన తలగుడ్డ విప్పి దులుపుకుంటుంటే తీశాను. బట్టలు కుట్టే కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి వస్తున్న ఆడమనిషి బస్సులో నోరు తెరిచి నిద్రపోతోంది, జుట్టు నిండా దారపు ముక్కలు. ఆమెను తీశాను. నాచారం నాలా మీద తెల్లటి నురగ గాలికి లేచి బడికి పోతున్న పిల్లల తలల మీద పడుతుంటే తీశాను. అందరినీ వాళ్లకు తెలియకుండానే తీశాను. చూస్తే మనిషి బిగుసుకుపోతాడని, చూడనప్పుడే అసలు మొఖం దొరుకుతుందని ఓనరు చెప్పాడు. నేనూ అదే పనితనమనుకున్నాను.

బెంచీ మీది మనిషిని కూడా అట్లాగే తీశాను.

నాచారం పారిశ్రామికవాడలో నేను దిగే స్టాపులో ఒక సిమెంటు బెంచీ ఉండేది. వెనకాలే ఒక రసాయనాల కంపెనీ ప్రహరీ గోడ. ఆ బెంచీ మీద రోజూ ఒకాయన కూర్చుని ఉండేవాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, ఒడిలో టిఫిన్ డబ్బా. వీపు నిటారుగా పెట్టి, ఇప్పుడే వచ్చే బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చునేవాడు. ఎన్ని బస్సులు వచ్చినా ఎక్కేవాడు కాదు. నేను సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కూడా అక్కడే, అట్లాగే ఉండేవాడు.

ఒకరోజు కొంచెం ముందు బస్సు దొరికి తొందరగా దిగితే సంగతి తెలిసింది. ఒకామె ఆయన చెయ్యి పట్టుకుని తెచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన అరచెయ్యి తీసుకుని పక్కనున్న ఇనుప స్తంభం మీద ఆనించింది, ఇదిగో ఇక్కడున్నావని చెప్పినట్టు. కాలర్ సరిచేసింది. నీళ్ల సీసా ఆయన కాలికి తగిలేలా పెట్టి కంపెనీ గేటులోకి వెళ్లిపోయింది. గేటు మూసుకున్నాక కూడా ఆయన ఆ దిక్కే మొఖం పెట్టి కూర్చున్నాడు. కళ్లు లేవని అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి మిగిలిన ఫ్రేములన్నీ ఆయనవే. గుడ్డివాణ్ని తీయడం ఎంత సులువో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. చాటుగా తీయాల్సిన పని లేదు. ఎదురుగా నిలబడొచ్చు, దగ్గరికి పోవచ్చు, వెలుతురు మారేదాకా ఆగొచ్చు. ఎండలో తీశాను. చినుకుల్లో తీశాను. చుట్టూ కాలేజీ పిల్లలు నిలబడి నవ్వుకుంటుంటే మధ్యలో ఆయన ఒక్కడే మౌనంగా ఉన్నప్పుడు తీశాను.

వానాకాలంలో ఒకరోజు బస్సులు ఆలస్యమై స్టాపులో ఇద్దరమే మిగిలాం. నేను బెంచీ చివర కూర్చున్నాను. ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

"కెమెరా పిల్లవు నువ్వేనా చెల్లె?"

కెమెరాను ఒడిలోకి లాక్కున్నాను. "మీకెట్ల తెలుసన్నా?"

"టక్కుమని సప్పుడైతది గదా. మా తమ్ముని పెండ్లిల గదే సప్పుడు. రోజు దేన్ని తీస్తవు?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు. నేను, "బస్సులన్నా. వచ్చే బస్సులను, పోయే బస్సులను తీస్త," అన్నాను.

"బస్సులనా," అని ఆయన నవ్వాడు. "ఎవరి పిచ్చి వాళ్లకు ఆనందం. తియ్యి, తియ్యి."

ఆ తర్వాత సాయంత్రాలు బస్సు వచ్చేదాకా ఆయనతో మాట్లాడేదాన్ని. వాళ్లది జనగామ దిక్కు. పిల్లలు లేరు. ఆ ప్రహరీ గోడ వెనకున్న కంపెనీలోనే ఆయన ఆరేళ్లు పనిచేశాడు, కాంట్రాక్టు కింద. ఒకరోజు డ్రమ్ము మూత తీస్తుంటే లోపలిది ఎగజిమ్మి మొఖం మీద పడిందట.

"నీళ్లు కొట్టుకుందామని నల్లా కాడికి తడుముకుంట పోయిన. నల్లాల నీళ్లు రాలే. ఇంకో నల్లా కాడికి పోయేటాల్లకు అయిపోయింది," అన్నాడు, ఎవరి సంగతో చెప్తున్నట్టు. "దవాఖానాల కట్లు కట్టి ఉన్న. సూపర్‌వైజరు వచ్చి నా బొటనేలు పట్టి కాయితం మీద పెట్టిచ్చుకున్నడు. ఆ దినం నేను డ్యూటీలనే లేనని అండ్ల రాసి ఉన్నదంట. తర్వాత తెలిసింది."

"కేసు పెట్టలేదా అన్నా?"

"మీ వదినకు ప్యాకింగ్‌ల పనిచ్చిన్రు. ముచ్చట బయటికొస్తే ఆ పని ఉండదన్నరు. ఇంట్ల ఒక్కన్నే ఉంటే ఒకనాడు మండే పొయ్యి మీద చెయ్యి పెట్టుకున్న. అప్పటిసంది ఈడ కూసోబెట్టి పోతది. అన్నం యాళ్లకు గేటు కాడికొచ్చి సూస్తది." డబ్బా ఒడిలో సర్దుకుని, "నువ్వు చెల్లె లెక్క అని చెప్పిన. ఎవలకు అనకు," అన్నాడు.

ఎవరికీ అననని మాటిచ్చాను. నిజంగానే నోటితో ఎవరికీ చెప్పలేదు.

చలికాలం పోయి ఎండలు ముదిరే వేళకు కంపెనీలన్నీ గోడలకు భద్రతా వారోత్సవాల బ్యానర్లు కట్టాయి. ఆయన వెనకున్న గోడకూ కట్టారు. పసుపు గుడ్డ మీద ఎర్రటి పెద్ద అక్షరాలు, "భద్రత ముందు, పని తర్వాత." దాని కింద తెల్ల చొక్కా, నల్ల అద్దాలు, ఒడిలో డబ్బా. బస్సు దిగుతూ ఆ దృశ్యం చూసి నా గుండె దడదడలాడింది. అది జాలితో కాదు. దొరికిందన్న సంబరంతో.

ఆ రోజు రీలులో నాలుగు ఫ్రేములున్నాయి. నాలుగూ కొట్టాను. అక్షరాలన్నీ చదవగలిగేలా రెండడుగులు పక్కకు జరిగాను. ఎవరో అడ్డొస్తే వాళ్లు పోయేదాకా ఆగాను.

కడిగిన నెగెటివ్ చూసి ఓనరు మొదటిసారి నాకు ప్రింటు వేసిచ్చాడు, పెద్ద సైజుది. "గా బ్యానర్‌తోనే నిలబడ్డది ఫోటో," అన్నాడు. ఒక దినపత్రిక జిల్లా పేజీలో వారం వారం పాఠకుల ఫోటో ఒకటి వేసేవాళ్లు. దానికి పంపుదామన్నాడు. నేను వద్దనలేదు. ఆయన ఎవరో నేను రాయలేదు కదా, కంపెనీ గురించి ఒక్క ముక్క రాయలేదు కదా, ఫోటోలో ఉన్నది రోజూ వేలమంది చూసే బస్టాపే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాటలు ఎంత గట్టిగా చెప్పుకున్నానో తలచుకుంటే, తప్పు చేస్తున్నానని నాకు అప్పుడే తెలుసనిపిస్తుంది.

మూడో వారం ఫోటో వచ్చింది. కింద నా పేరు వేసి, పైన "రాని బస్సు కోసం" అని వాళ్లే శీర్షిక పెట్టారు. బ్యానర్ మీది ప్రతి అక్షరం కనిపిస్తోంది. అమ్మ దాన్ని చర్చికి తీసుకుపోయి అందరికీ చూపించింది. ఓనరు కత్తిరించి ల్యాబు అద్దానికి అంటించాడు. బహుమతిగా పత్రిక వాళ్లు తర్వాత గోడ గడియారం పంపారు.

ఫోటో వచ్చిన మర్నాడే బెంచీ ఖాళీగా ఉంది. ఆ మర్నాడు కూడా. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన భార్య ల్యాబుకు వచ్చింది. అద్దానికి అంటించిన కాగితం ముందు కాసేపు నిలబడి లోపలికొచ్చింది. ఆమెను అంత దగ్గర నుంచి అదే మొదటిసారి చూడటం. సన్నటి మనిషి, చేతుల మీద చర్మం అక్కడక్కడ తెల్లగా పొరలు లేచి ఉంది.

"మా ఆయన చెప్పే కెమెరా పిల్లవు నువ్వేనా? ఇది తీసింది నువ్వేనా?"

"నేనే వదినా."

"మా మేనేజరు పిలిచిండు. పేపరు టేబుల్ మీద పెట్టి, పేపరోళ్లను తెచ్చింది నువ్వేనా అన్నడు. నాకు చదువు రాదు సార్ అన్న. నీ మొగన్ని బ్యానర్ కింద కూసోబెట్టుమని ఎవరు నేర్పిన్రు అన్నడు. రోజు ఆన్నే కూసోబెడ్త సార్, బ్యానరు మీరు కట్టిన్రు అన్న. గేటు పాసు గుంజుకున్నరు."

ఆమె గొంతు పెంచలేదు. ఓనరు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేను పోయి చెప్త వదినా. మీకేం తెల్వదని చెప్త," అన్నాను.

"చెప్పు," అన్నది. "పోయి చెప్పు."

ఆ సాయంత్రమే వెళ్లాను. గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టారు. చివరకు ఒక సూపర్‌వైజరు బయటికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, మా గోడ, మా బ్యానరు పేపర్ల పడ్డది. మావోళ్లకు అనుమానం. నువ్వు ఆ నెగెటివ్ తెచ్చియ్యి. నీ మనసుల ఏం లేదని మాకు నమ్మకమైతది. ఆమె సంగతి అప్పుడు మాట్లాడుదం."

ల్యాబుకు ఉరికి వచ్చాను. ఆ రీలు ఎవరిదో పాప చెవులు కుట్టిన ఫంక్షన్ది. చివరి నాలుగు ఫ్రేములు కత్తెరతో కత్తిరించి, కవర్లో పెట్టి తీసుకెళ్లి ఇచ్చాను. అతను కవరు తెరిచి, గేటు లైటు వైపు ఎత్తి చూసి, జేబులో పెట్టుకున్నాడు. "సరే, సోమవారం పంపు ఆమెను," అన్నాడు.

సోమవారం ఆమె వెళితే గేటులోకి రానివ్వలేదు. కాంట్రాక్టరు మారాడన్నారు. మళ్లీ వారం వెళితే, ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పనిచేయలేదన్నారు. భర్త డ్యూటీలో లేనట్టు రాసుకున్నవాళ్లకు భార్య పేరు చెరిపెయ్యడం ఎంత పని? మళ్లీ ఏ పేపర్లో పడుతుందోనని వాళ్లు భయపడేది మా దగ్గర ఏదైనా ఉందంటే అది ఆ నెగెటివే. దాన్ని నేనే నా చేత్తో ఇచ్చి వచ్చాను. పత్రికకు ఫోన్ చేస్తే, అది మా సిబ్బంది తీసింది కాదు, పాఠకురాలి ఫోటో, మాకు సంబంధం లేదన్నారు.

వాళ్లు ఉండే బస్తీ ఏదో కనుక్కుని వెళ్లేసరికి గది ఖాళీ చేసి వారమైంది. ఊరికి పోయారేమోనని పక్కింటివాళ్లన్నారు. అద్దం మీది కాగితాన్ని నేను గోరుతో గీకి తీసేశాను. జిగురు మరక చాలా రోజులు పోలేదు.

ఏడాదిన్నర తర్వాత జవహర్‌నగర్‌లో ఒక బాప్తిస్మం ఫంక్షన్‌కు వెళ్లాను. పని అయిపోయి ఆటో కోసం నడుస్తుంటే దారి పక్కన రేకుల షెడ్లు, డంపింగ్ యార్డు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ గుట్టలు. ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడుస్తున్నాను. ఒక షెడ్డు ముందు ఆమె కనిపించింది. కవర్లు దులిపి ఒక దిక్కు వేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. చేతులు చీరకు తుడుచుకుని, పలకరింపు లేకుండా, "లోపల ఉన్నడు," అన్నది.

ఆయన నేల మీద కూర్చుని సీసాల మూతలు విడదీస్తున్నాడు. వేలితో తట్టి, గట్టివి ఒక బుట్టలో, మెత్తవి ఒక బుట్టలో. బాగా చిక్కిపోయాడు. కళ్లద్దాలు లేవు. రేకుల సందులోంచి ఎండ సరిగ్గా ఆయన చేతుల మీద పడుతోంది. నా ప్రమేయం లేకుండానే నా కన్ను దాని చుట్టూ ఫ్రేములా గీత గీసుకుంది. కెమెరా భుజాన ఉంది, రీలు అయిపోయింది. మిగిలి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ నమ్మకంగా చెప్పలేను.

"అన్నా," అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. మొఖం వెలిగింది. "కెమెరా చెల్లె. గింత దూరమొచ్చినవా? ల్యాబు మంచిగ నడుస్తున్నదా?"

"నడుస్తున్నదన్నా."

"మా కంపెనీ మూతపడ్డది, తెలుసు గదా. పాపం అందరి కడుపులు కొట్టిన్రు. మీ వదినకు ఈడ పని దొరికింది. నాకు సుత దొరికింది, సూడు. ఉత్తగ కూసునుడు కన్న గిదే నయం."

కంపెనీ మూతపడలేదు. ఆ రోజు పొద్దున నేను దాని గేటు ముందు నుంచే వచ్చాను. వదిన ఆయనకు అట్లా చెప్పిందని అర్థమైంది. ఆయనే బోడుప్పల్ సంగతులు, అమ్మ ఆరోగ్యం అడిగాడు. వదిన చాయ్ పెట్టింది. వాసనకు ఒక్క గుక్క కూడా లోపలికి పోలేదు, అయినా తాగాను.

వెళ్లేటప్పుడు ఆమె రోడ్డుదాకా వచ్చింది. నేను ఏడుస్తూ, "ఆయనకు చెప్తాను వదినా. నేనే చేశానని చెప్పి కాళ్లు పట్టుకుంట," అన్నాను.

"చెప్పకు," అన్నది ఆమె. "చెప్తే నీకు నిమ్మళమైతది. ఆయన నిన్నేం అనడు. ముచ్చట నీకు చెప్పింది తానే గదా అని తన మీదనే వేసుకుంటడు. కండ్లు పోయిననాడు సుత నేనే సరిగ మూత తియ్యలేదన్న మనిషి. ఆ బరువు మళ్ల నేను మొయ్యలేను."

నేను చెప్పలేదు. ఆ తర్వాత నెలకో రెణ్నెల్లకో ఒకసారి వెళ్లేదాన్ని, పండ్లో మందులో పట్టుకుని. ఆయన నాతో మాట్లాడి సంబరపడేవాడు. ఆ సంబరమే నాకు శిక్ష. మళ్లీ వానాకాలం వచ్చింది. ఆ బస్తీలో ఇంటింటా జ్వరాలు. అమ్మకు కూడా బాగాలేక నేను రెండు నెలలు వెళ్లలేకపోయాను. వెళ్లేసరికి బుట్టలు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి మూలకు ఉన్నాయి.

"జ్వరమొచ్చింది. నాలుగు దినాలు," అన్నది ఆమె. ఆయన పోయి అప్పటికే నెల దాటింది.

నా దగ్గర ఆయన ఫోటోల నెగెటివ్‌లున్నాయి. వేరే రీళ్ల చివర్లలో తీసినవి, వానలో, ఎండలో, పిల్లల మధ్య. ఓనరును బతిమాలి అన్నీ ప్రింటు వేయించి తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆమె ఒక్కొక్కటే చూసి మళ్లీ సర్ది నా చేతికిచ్చింది.

"మంచిగున్నయి. కాని వీటన్నిట్ల ఆయన గుడ్డోడే. నేను లగ్గం చేసుకున్నోని కండ్లు గిట్ల లేవు. పనిలకు చేరిన కొత్తల గేటు పాసు కోసమని ఒక ఫోటో దిగిండు, మీ ల్యాబులనే. అది ఉంటె తెచ్చియ్యి."

అది నేను చేరకముందు సంగతి. పాత నెగెటివ్‌లు ఉంటే అటక మీది అట్టపెట్టెల్లో ఉండాలి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి ఓనరును తాళం అడిగితే అతను నా మొఖం చూసి మెల్లగా చెప్పాడు, కిందటేడు పాత బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లన్నీ, వాటిలోంచి వెండి తీసేవాళ్లకు తూకానికి ఇచ్చేశానని. అయినా అటక ఎక్కాను. పెట్టెలున్నాయి. వాటి నిండా ఖాళీ కవర్లు. మూడు రోజులు ఆ కవర్లలో వెతికాను. ఆయన పేరు రాసిన కవరు ఒకటి దొరికింది. లోపల ఏమీ లేదు.

ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె, "పోనీ," అన్నది. అంత మెల్లగా అన్న మాట నేను ఇంకెప్పుడూ వినలేదు.

రెండు మూడేళ్లలో ఫిలిం అయిపోయింది. ల్యాబు మూసేశారు. నేను హబ్సిగూడలో ఒక చిన్న దుకాణంలో కంప్యూటర్ మీద పాస్‌పోర్టు ఫోటోలు తీసే పనిలో చేరాను. హాస్టళ్ల పిల్లలు, కోచింగుల పిల్లలు బోలెడుమంది. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో కోసం తవ్వి స్తంభాలు లేపారు. తెలంగాణ కోసం రింగు రోడ్డు మీద రాస్తారోకోలు, వంటావార్పులు జరిగాయి. నేనూ కెమెరా పట్టుకుని పోయాను. తీసే ముందు, "తియ్యాలా అన్నా, తియ్యాలా అక్కా," అని ప్రతివాళ్లనూ అడిగేదాన్ని. అడగ్గానే వాళ్లు కండువా సర్దుకుని, పిడికిలి ఎత్తి నిలబడేవాళ్లు. అవేవీ గొప్ప ఫోటోలు కావు. చూడకుండా ఉన్నప్పుడు ఉండే మొఖం అందులో ఉండదు. ఆ నష్టం నాకు తెలుసు. తెలిసే అడుగుతాను. వద్దన్నవాళ్లను తీయను. బస్సులో కూర్చుంటే ఇప్పటికీ ఎదురుగా ఏదో ఒకటి కనబడుతుంది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో ఒక పొద్దున ఉప్పల్‌లో బస్సెక్కితే ఆడవాళ్ల సీట్లో ఆమె ఉంది. జుట్టు చాలా తెల్లబడింది. పక్కకు జరిగి చోటిచ్చింది. హబ్సిగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఊడ్చే పని దొరికిందని, వచ్చే నెల నుంచి గది కూడా వాళ్లే ఇస్తామన్నారని చెప్పింది. అమ్మ ఎట్లుందని అడిగింది. నువ్వింకా లగ్గం చేసుకోలేదా అని అడిగింది. లేదన్నాను. ఆయన మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను ఆమె చేతుల వైపే చూస్తున్నానని గమనించి వాటిని కొంగులో దాచుకుంది.

"గట్ల సూడకు," అన్నది. "నేను బతుకుతనే ఉన్న."

నేను దిగేదానికి ముందు స్టాపు వచ్చింది. హాస్టల్లో పిల్లలు లేచేసరికే నీళ్లు పట్టాలని, ఆలస్యమైతే మాటలంటరని చెప్పి, జనాన్ని తోసుకుంటూ దిగిపోయింది.